డైమండ్ 12.2 స్పీకర్లు, డెనాన్ యాంప్: పద్నాలుగు నెలలు విన్నాక రాస్తున్నా

కొన్న వారంలోనే రివ్యూ రాస్తే కొత్త మోజులో రాసినట్టుంటుందని ఇన్నాళ్లు ఆగానండి. వార్ఫ్‌డేల్ డైమండ్ 12.2 స్పీకర్లు, వాటిని నడిపే డెనాన్ పీఎంఏ-600ఎన్ఈ యాంప్లిఫైయర్ (యాంప్), ఈ జత మా ఇంటికొచ్చి పద్నాలుగు నెలలైంది. రెండు సంక్రాంతులు, ఒక విజయవాడ ఎండాకాలం చూసేసింది. రోజూ పొద్దున్నే మా నాన్నగారు ఒక గంట వింటారు, రాత్రి పిల్లలు పడుకునేలోపు నేనో గంట, ఆదివారమైతే ఇంటిల్లిపాదీ. ఈ రెండు పెట్టెల గురించి చెప్పాలంటే ముందు వీటి దాకా ఎలా వచ్చానో చెప్పాలి, ఎందుకంటే దీనికి ముందు చూడాల్సినవి చూడకుండా కొని చాలా డబ్బులు పోగొట్టుకున్నాను, అదే పని ఇంకెవరూ చేయకూడదని నిజంగా నా కోరిక.

మా ఇంట్లో పాతది ఒక 5.1 సెట్టు. కంపెనీ పేరొద్దులెండి. డబ్బా మీద వాట్లు వేలల్లో ఉండేవి, చిన్న చిన్న ప్లాస్టిక్ స్పీకర్లు ఐదు, బాస్‌కి ఒక సబ్‌వూఫర్, అన్నిటినీ నడిపే రిసీవర్ ఒకటి. సినిమా పెడితే గుండెలదిరేవి, పాట పెడితే మాత్రం గాయకుడు ఎక్కడో బిందెలోంచి పాడుతున్నట్టుండేది, మధ్యలో గొంతు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు, కింద దబదబ, పైన చిస్ చిస్. నాన్నగారు రెండు నిమిషాలు విని లేచి వెళ్లి తన పాత రేడియో పెట్టుకునేవారు. ఆయన ఏమీ అనలేదు కానీ నాకు చాలా బాధేసింది.

అప్పుడు ఒక షాపులో సలహా అడిగితే ఆ 5.1 సెట్టు రిసీవర్‌కే పెద్ద టవర్ స్పీకర్లు కలుపుకోండి సార్, యాంప్ మార్చక్కర్లేదు అన్నారు, నమ్మి తెచ్చాను. బాగానే పాడాయి, మొదటి నెల. మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం కాస్త సౌండ్ పెంచితే పది నిమిషాలకి టక్ మని ఆగిపోయింది, డిస్‌ప్లే మీద ప్రొటెక్ట్ అని చూపిస్తోంది. ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ వేశాను. ఇలా రెండు వారాలు. మూడో వారం కాలిన వాసన. రిపేరు చేసే ఆయన పైమూత విప్పి అవుట్‌పుట్ ఐసీ పోయింది అన్నాడు, తర్వాత రిసీవర్‌ని వెనక్కి తిప్పి అక్కడున్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చదవమన్నాడు. 6 నుంచి 8 ఓమ్స్ అని రాసుంది. ఆ టవర్ స్పీకర్లు 4 ఓమ్స్‌వి. అదీ కాక రిసీవర్ని నేను షోకేసులో గాజు తలుపు వెనకాల పెట్టాను, గాలాడే దారే లేదు.

4 ఓమ్స్ అంటే ఏంటో అప్పటిదాకా నాకు తెలీదు. కొళాయి లెక్కలో చెప్తాను. ఓమ్స్ తక్కువంటే పైపు వెడల్పు ఎక్కువన్నమాట, అదే వోల్టేజీకి 8 ఓమ్స్ స్పీకర్ లాగే కరెంటుకి 4 ఓమ్స్ స్పీకర్ రెండింతలు లాగుతుంది. అంత కరెంటు ఇవ్వగలిగే సత్తా యాంప్‌లో ఉంటే ఏ ఇబ్బందీ లేదు, 4 ఓమ్స్ స్పీకర్లు అసలు చెడ్డవేం కాదు, లేని యాంప్‌కి తగిలిస్తే మాత్రం అది వేడెక్కి ఆగుతుంది, మనం వినకుండా మళ్లీ మళ్లీ వేస్తే పోతుంది. ఇంకో సంగతి, స్పీకర్ మీద రాసే 8 ఓమ్స్ అనేది కూడా ఒక సగటు మాటే, పాటలో కిందకీ పైకీ పోయేకొద్దీ ఇది మారుతూ ఉంటుంది, 8 అని రాసిన స్పీకర్ కూడా కొన్ని చోట్ల 4 దగ్గరికి దిగుతుంది. అందుకే స్పీకర్ ఓమ్స్, యాంప్ వెనకాల ఓమ్స్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్కోండి. కొనే ముందు చేయాల్సిన మొదటి పని ఇదే.

రెండోది వాట్లు. ఇక్కడే మనల్ని ఎక్కువ తికమక పెడతారు. పీఎంపీఓ అని రాసుంటే దాన్ని వదిలేయండి, అది ఏ లెక్కకీ అందని అంకె, ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా నిలకడగా ఇవ్వగలిగే వాట్లు, ఎంతో అడగండి. ఆర్ఎంఎస్‌లో కూడా ఎలా కొలిచారో చూడాలి. ఒక్క ఛానెల్‌కే సిగ్నల్ ఇచ్చి, 6 ఓమ్స్ మీద, 1 కిలోహెర్ట్జ్ ఒక్క స్వరం మీద, 10 శాతం డిస్టార్షన్ (సౌండ్ చెడిపోవడం) వచ్చేదాకా లాగి రాసిన 150 వాట్లు వేరు, రెండు ఛానెళ్లూ ఒకేసారి, 8 ఓమ్స్ మీద, చెవికి వినపడే 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా స్వరాలన్నిటి మీదా, డిస్టార్షన్ ఒక శాతంలో చిన్న వంతు దాటకుండా ఇచ్చే 45 వాట్లు వేరు. డెనాన్ వాళ్లు ఈ 600ఎన్ఈకి 8 ఓమ్స్ మీద రాసిన 45 రెండో రకం లెక్క. షాపులో పక్కనే ఉన్న పెద్ద ఏవీఆర్ (సినిమా సౌండ్ కోసం చాలా స్పీకర్లు నడిపే రిసీవర్) మీద 150 చూసి ఇందులో 45 చూస్తే ఎవరికైనా చిన్నదనే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఎన్ఏడీ కంపెనీ 3020 అనే యాంప్ 1978లో వచ్చింది, దాని మీద రాసింది 20 వాట్లే, ఇవాళ్టికీ పాత ఆడియో పిచ్చోళ్లు దాన్ని వెతుక్కుని కొంటున్నారంటే వాట్ల అంకెకీ వినిపించేదానికీ మధ్య ఇంకేదో ఉందనేగా.

ఆ ఇంకేదో ఏంటంటే స్పీకర్ సెన్సిటివిటీ. ఇది మనందరికీ చిన్నప్పట్నించీ తెలిసిన సంగతే, పేరే తెలీదు. ఊళ్లో గుడి మీద ఆ హారన్ మైకు గుర్తుందా, పూజారిగారి గదిలో పాత అహూజా యాంప్ ఒకటి, పెద్ద వాట్లేం ఉండవు, ధనుర్మాసంలో తెల్లారుజామున తిరుప్పావై పెడితే పక్కూరికి కూడా వినపడేది. అదే వాట్లు మన ఇంట్లో చిన్న స్పీకర్‌కి ఇస్తే వీధి చివరికి కూడా పోదు. హారన్‌కి ఇచ్చిన కరెంటులో ఇంట్లో స్పీకర్ కంటే చాలా ఎక్కువ వంతు శబ్దం అవుతుంది, ఇంట్లో స్పీకర్‌లో దాదాపు అంతా వేడి అవుతుంది, అంతే తేడా. స్పీకర్‌కి ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ (డీబీ, సౌండ్ కొలత) వస్తాయో కొలిస్తే అదే సెన్సిటివిటీ. మైకు హారన్లకి అది వంద పైన ఉంటుంది, ఇళ్లల్లో స్టాండు మీదో అరలోనో పెట్టుకునే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లకి 84 నుంచి 90 మధ్య. డైమండ్ 12.2కి 88.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తా, ఓపిక పట్టండి, ఈ లెక్క వస్తే ఏ సేల్స్‌మనూ మిమ్మల్ని ఏమార్చలేడు. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డీబీ మాత్రమే, అంటే చెవికి కాస్త పెరిగినట్టు తెలుస్తుంది అంతే. చెవికి సౌండ్ రెండింతలైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డీబీ కావాలి, దానికి వాట్లు పదింతలు కావాలి. మా హాలు పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు పొడుగు, స్పీకర్లకీ సోఫాకీ మధ్య తొమ్మిది పది అడుగులు. ఆ దూరానికి కొంత సౌండ్ తగ్గుతుంది, స్పీకర్లు రెండు కాబట్టి కొంత పెరుగుతుంది, గోడలు కొంత కలుపుతాయి, మొత్తం మీద ఒక్కో స్పీకర్‌కి ఒక్క వాట్ ఇస్తే సోఫా దగ్గర 84, 85 డీబీ వస్తుంది. మేం మామూలుగా వినేది 70 నుంచి 75. అంటే వాట్‌లో పదో వంతు! మృదంగం దెబ్బకో డప్పు దెబ్బకో ఒక్కసారిగా 15, 20 డీబీ పైకి లేస్తే అప్పుడు కావాల్సింది మూడు నుంచి పది వాట్లు. 45 ఉంటే ఇంకా బోలెడు మిగిలినట్టే. అదే 83 డీబీ స్పీకర్లు కొనుక్కుని పెద్ద హాల్లో పదిహేను అడుగుల దూరం కూర్చుని గట్టిగా వినే అలవాటుంటే ఈ 45 సరిపోదు, అది కూడా నిజమే.

వాట్లు చాలకపోతే ఏమవుతుందనేది కూడా తెలుసుకోవాలి. చిన్న యాంప్‌ని దాని శక్తికి మించి తిప్పితే సిగ్నల్ తలలు తెగిపోయినట్టవుతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు, సౌండ్ బొంగురుపోయి గరగరలాడుతుంది, ఆ దెబ్బ ముందు తగిలేది పై స్వరాలు పలికే చిన్న స్పీకర్‌కి, అంటే ట్వీటర్‌కే. చాలామంది పెద్ద యాంప్ పెడితే స్పీకర్ కాలుతుందని భయపడతారు, చిన్న యాంప్‌ని చివరిదాకా తిప్పి కాల్చుకున్నవాళ్లు కూడా చాలామందే ఉన్నారు. గరగర వినపడగానే తగ్గించేయండి.

ఇక స్పీకర్ల ఎంపిక. మా ఊళ్లో వినిపించేవాళ్లు దొరక్క హైదరాబాద్ వెళ్లాను, మా బావమరిది తోడొచ్చాడు. ఫోన్ చేసి ముందే టైం తీసుకుని వెళ్లాం, శనివారం సాయంత్రం కాకుండా మామూలు రోజు పొద్దున, ఎందుకంటే రద్దీలో ఏమీ వినలేం. నా పాటలు నేనే తీసుకెళ్లాను, ఏళ్ల తరబడి విన్నవి, ఎక్కడ ఏ వాయిద్యం వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవి. షాపువాళ్లు పెట్టే డెమో పాటల్లో ప్రతి స్పీకరూ అద్భుతంగానే ఉంటుంది. వెళ్లగానే సబ్‌వూఫర్ ఆన్‌లో ఉందా అని అడిగాను, ఉంది, ఆపేయమన్నాను, ఆ తర్వాతే నిజంగా ఏ స్పీకర్ ఎంతో తెలిసింది. ఇంకోటి, ఒక స్పీకర్ నుంచి ఇంకో స్పీకర్‌కి మారినప్పుడు సౌండ్ సమానం చేయాలి. రెండో దానికి సెన్సిటివిటీ ఎక్కువుంటే నాబ్ అదే చోట ఉన్నా గట్టిగా వినపడుతుంది, గట్టిగా వినపడేదే బాగున్నట్టు మన చెవికి అనిపిస్తుంది, ఒక్క డీబీ తేడా వచ్చినా చాలు మోసపోతాం. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని వెళ్లండి, ఖచ్చితంగా కొలవకపోయినా రెండిటికీ పోలిక చూడ్డానికి పనికొస్తుంది.

మూడు జతలు విన్నాం. క్లిప్ష్ వాళ్ల హారన్ ట్వీటర్ స్పీకర్లు ఒకటి, చాలా చురుగ్గా ఉంది, సినిమాకి, తీన్‌మార్‌కి అదిరిపోతుంది, మా బావమరిది అవే కొనమని పట్టుబట్టాడు. కానీ నాదస్వరం పెట్టినప్పుడు పై స్వరాలు నా చెవికి మరీ ముందుకొచ్చినట్టనిపించాయి, గంట వింటే అలసట వస్తుందనిపించింది. వాడి చెవికి అనిపించలేదు, కాబట్టి ఇది స్పీకర్ తప్పు కాదు, చెవుల తేడా. ఎల్యాక్ డెబ్యూ బీ6.2 ఒకటి, గొంతు చాలా నిజంగా ఉంది, నాకు బాగా నచ్చింది, కానీ అది 6 ఓమ్స్, 87 డీబీ, పోలిస్తే యాంప్ మీద కాస్త బరువెక్కువ. పోర్టు, అంటే బాస్ గాలి బయటికొచ్చే రంధ్రం, ఎదురుగా ఉంది కాబట్టి గోడకి దగ్గరగా పెట్టుకోక తప్పని ఇళ్లకి దాన్ని తప్పకుండా వినమని చెప్తా. మూడోది డైమండ్ 12.2. ఈ వార్ఫ్‌డేల్ 1932లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన మొదలుపెట్టిన కంపెనీ, డైమండ్ అనే పేరుతో 1980ల నుంచీ చిన్న స్పీకర్లు తీస్తూనే ఉన్నారు, ఈ పన్నెండో వరస 2020లో వచ్చింది. కింది స్వరాలకి ఆరున్నర అంగుళాల వూఫర్, పై స్వరాలకి గుడ్డ డోమ్ ట్వీటర్.

ఇందులో నేను మృదంగం పెట్టాను. మృదంగానికి ఎడమ వైపు తొప్పి మీద తడి రవ్వ ముద్ద అద్దుతారు కదా, అరచేత్తో కొట్టి కాస్త నొక్కి జరిపితే గుమ్ మని ఒక మూలుగు లాంటి నాదం వస్తుంది, పాత సెట్టులో అది వట్టి దబ్ మని వినిపించేది. ఇక్కడ దెబ్బ పడటం వేరు, ఆ తర్వాత నాదం సాగి వంగటం వేరు, రెండూ విడివిడిగా వినపడ్డాయి. కుడి వైపు వేలి కొస దెబ్బలు టకటకా ఒకదాని మీద ఒకటి పడకుండా దేనికది లెక్కపెట్టుకోవచ్చు. వెనకాల తంబూరా పోతూనే ఉంది, ఎక్కడా ఆగలేదు. నేను కళ్లు తెరిచి మా బావమరిది వైపు చూశాను, వాడు కూడా క్లిప్ష్ మాట ఎత్తలేదు.

యాంప్ విషయంలో చివరికి రెండు మిగిలాయి, యమహా ఏ-ఎస్301, ఈ డెనాన్. యమహాది 60 వాట్లు, డెనాన్‌ది 45. వాట్ల లెక్క ఇప్పుడు మీకూ వచ్చు కదా, 45కీ 60కీ తేడా ఒకటింబావు డీబీ, మా హాల్లో అది లేనట్టే. సమానం సౌండ్ పెట్టి వింటే నాకు రెండిటి మధ్య పెద్ద తేడా తెలీలేదు, నిజాయితీగా చెప్తున్నా. స్పీకర్లు మారిస్తే తేడా ఆకాశానికీ భూమికీ ఉంది, మంచి యాంప్ నుంచి ఇంకో మంచి యాంప్‌కి తేడా వెతుక్కోవాలి. డెనాన్ తీసుకోడానికి కారణం బ్లూటూత్ లోపలే ఉండటం. నాన్నగారు ఫోన్‌లో పాట పెట్టుకుని నేరుగా వినగలగాలి, దానికి ఇంకో డబ్బా తగిలిస్తే ఆయన ముట్టుకోరు. డిజిటల్ సౌండ్‌కి ఆప్టికల్, కోయాక్సియల్, రికార్డ్ ప్లేయర్‌కి ఫోనో, సబ్‌వూఫర్‌కి అవుట్, అన్నీ ఉన్నాయి.

లేనివి కూడా చెప్పాలి. హెచ్‌డీఎంఐ లేదు, కంప్యూటర్ నేరుగా తగిలించుకునే యూఎస్‌బీ లేదు. టీవీని ఆప్టికల్ వైరుతో కలుపుకోవాలి. కలిపిన రోజు సౌండే రాలేదు, గంటన్నర తంటాలు పడ్డాను, కారణం ఏంటంటే టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో డాల్బీలో ఉంది, ఇది స్టీరియో యాంప్, డాల్బీని విప్పుకోలేదు, దాన్ని పీసీఎం (మామూలు స్టీరియో సిగ్నల్)కి మార్చగానే వచ్చేసింది. ఎవరికైనా ఈ ఒక్క లైను పనికొస్తే చాలు. సౌండ్ పెంచడానికి టీవీ రిమోట్ కాకుండా యాంప్ రిమోట్ వాడాలి, మా ఆవిడకి ఇది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు, న్యూస్ చూడాలన్నా రెండు రిమోట్లు ఎందుకు అంటుంది. ఆమె మాటలో న్యాయం ఉంది. ఇంట్లో టీవీయే ముఖ్యం, పాటలు తర్వాత అనుకునేవాళ్లు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ సౌండ్ హెచ్‌డీఎంఐ వైరులోనే వచ్చే దారి) ఉన్న స్టీరియో యాంపో ఏవీఆరో చూసుకోవడమే మంచిది.

ఇంటికి తెచ్చాక మొదటి రాత్రి నాకు చాలా నిరుత్సాహం వేసింది. షాపులో విన్నది ఇది కాదు. టీవీ యూనిట్ మీద, గోడకి ఆనించి, పక్కన ఫొటో ఫ్రేములు, అలా పెట్టేశాను. బాస్ ఉబ్బిపోయి గొంతుల మీద పడుతోంది. ఈ స్పీకర్లకి పోర్టు వెనకాల ఉంటుంది, గోడకి ఆనిస్తే అంతే. పైగా మా హాలంతా విట్రిఫైడ్ టైల్స్, సున్నం గోడలు, పెద్ద కిటికీ, హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే టింగ్ మని మోగేది. మర్నాడు అమ్మ వాడిన పాత జంపఖానా ఒకటి అటక మీంచి దించి స్పీకర్లకీ సోఫాకీ మధ్య పరిచాను. కిటికీకి మందం పరదాలు వేశాం. పుస్తకాల బీరువాని పక్క గోడకి జరిపాను. మళ్లీ చప్పట్లు కొడితే ఆ టింగ్ పోయింది. జంపఖానాకి పైసా ఖర్చు లేదు, కానీ దానితో వచ్చిన మార్పు యాంప్ మార్చినా రాదు.

స్టాండ్లు మా వీధి వడ్రంగి చేసిచ్చాడు, పాత టేకు తలుపు చెక్కతో, ఇరవై నాలుగు అంగుళాల ఎత్తు, కూర్చుంటే ట్వీటర్ మన చెవికి సమానంగా వచ్చేలా. కింద టైల్స్ మీద జారకుండా రబ్బరు బుడిపెలు. గోడ నుంచి అడుగున్నర ముందుకి జరిపి, రెండిటి మధ్య ఏడడుగులు వదిలి, కాస్త లోపలికి తిప్పాను. ఎక్కడ సరిగ్గా కుదిరిందో తెలుసుకోడానికి నేను వాడింది ఘంటసాల గారి గొంతు. ఆయన పాటలు దాదాపు అన్నీ మోనో రికార్డింగులే కదా, అంటే రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకటే. స్పీకర్లు రెండూ ఒకే దూరంలో, ఒకే కోణంలో ఉంటే గొంతు రెండిటి మధ్యలో, ఖాళీ గోడ మీద ఒక్క చోట నిలబడాలి. నాది మొదట కుడివైపుకి గుంజింది. టేపు పెట్టి కొలిస్తే కుడి స్పీకర్ నాలుగు అంగుళాలు దగ్గరగా ఉంది. వెనక్కి జరిపాను. గొంతు మధ్యకొచ్చి నిలబడింది. ఏ మిషనూ అక్కర్లేదు, ఒక పాత మోనో పాట, ఒక టేపు చాలు.

నాన్నగారు ఆ పాట వింటూ వచ్చి కూర్చున్నారు. పాట అయ్యాక, మధ్యలో ఇంకో స్పీకర్ పెట్టావా అని అడిగారు. లేదు నాన్నా రెండే అన్నాను. ఆయన లేచి వెళ్లి టీవీ యూనిట్ మధ్యలో చెయ్యి పెట్టి చూశారు. ఆ రోజు నుంచి పొద్దున ఆరింటికి ఆయనే ఆన్ చేస్తున్నారు. ఆ రేడియో ఇప్పుడు వంటింట్లో ఉంటోంది.

వైర్ల గురించి రెండు ముక్కలు. అడుగుకి వందలు పెట్టే వైర్లు కొనాల్సిన అవసరం మన ఇళ్లకి లేదండి. కరెంటు సామాన్ల షాపులో మంచి కంపెనీ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు తీసుకోండి, అయిదు మీటర్లకి పోనూ రానూ కలిపినా దాని అడ్డు పదో వంతు ఓమ్ కూడా ఉండదు, 8 ఓమ్స్ ముందు అదెంత. రాగి పూత పూసిన అల్యూమినియం వైర్లు తక్కువకి అమ్ముతుంటారు, కొస గీకి చూస్తే లోపల తెల్లగా కనపడుతుంది, అవి వద్దు. బనానా ప్లగ్గులు కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చాను. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు సరిగ్గా పెట్టారో లేదో రెండుసార్లు చూడండి, ఒక్క స్పీకర్‌కి తారుమారైనా బాస్ మాయమైపోయి గొంతు హాలంతా చెల్లాచెదురుగా వినపడుతుంది, స్పీకర్లే బాలేవని తిప్పి పంపినవాళ్లు కూడా ఉన్నారు.

ఎండాకాలం ఎలా గడిచిందంటే, ఈసారి యాంప్‌ని షోకేసులో పెట్టలేదు, పైన జానెడు, పక్కల బెత్తెడు ఖాళీ వదిలి బయటే పెట్టాను. ఇది క్లాస్ ఏబీ అనే రకం యాంప్, కరెంటులో కొంత వేడిగా పోతుంది కాబట్టి వేడెక్కడం సహజం, మే నెల మధ్యాహ్నం మూడు గంటలు పాడాక పైన చెయ్యి పెడితే బాగా వెచ్చగా ఉంది, ఆగిపోవడం మాత్రం ఒక్కసారి కూడా లేదు. వారానికోసారి పొడి గుడ్డతో పైన జల్లెడ దుమ్ము తుడుస్తాను. ఆ మూత మీద పూలకుండీ, దీపం, టవల్ లాంటివి పెట్టకండి, మా ఇంట్లో మొదటి వారమే వద్దని చెప్పేశాను. ఉరుముల వానొస్తే ప్లగ్ పీకేస్తాం. ఎర్తింగ్ కూడా చూపించుకోండి, మా అపార్ట్‌మెంట్లో ఆ సాకెట్‌కి ఎర్త్ వైరు వదులుగా ఉండేది, సెట్‌టాప్ బాక్స్ కలిపినప్పుడల్లా స్పీకర్లలో సన్నగా హమ్ వచ్చేది, ఎలక్ట్రీషియన్ వచ్చి బిగించాక పోయింది.

ఇక సౌండ్. గొంతులు దీని బలం, బాలమురళి గారి గొంతు కింది స్వరాల్లోకి దిగినప్పుడు ఆ నిండుదనం అలాగే దిగుతుంది, ఎక్కడా పల్చబడదు. వయొలిన్ కమాను తీగ మీద పడే ఆ తొలి రాపిడి వినపడుతుంది. నాదస్వరం గట్టిగానే ఉంటుంది, చెవిలో గుచ్చదు. డోలు కర్ర దెబ్బ పొడిగా, పదునుగా వస్తుంది. రాత్రి సౌండ్ బాగా తగ్గించి విన్నా మాట అరిగిపోదు, ఇది నాకు చాలా ముఖ్యం. ఇక్కడ ఒకటి, సీలింగ్ ఫ్యాన్ 5 మీద ఉంటే సన్నని శబ్దాలు సగం దానిలో కలిసిపోతాయి, తంబూరా వినాలంటే ఫ్యాన్ 2కి తగ్గించాల్సిందే, ఎంత ఖరీదు స్పీకర్లైనా ఇది తప్పదు.

పల్చగా అనిపించేది అట్టడుగు బాస్. ఈ సైజు పెట్టె 50 హెర్ట్జ్ చుట్టుపక్కల దాకా చక్కగా దిగుతుంది, దాని కింద మెల్లగా వదిలేస్తుంది. కర్ణాటక సంగీతానికి, పాత పాటలకి లోటే తెలీదు. ఇప్పటి సినిమా పాటల్లో కింద వేసే ఆ ఎలక్ట్రానిక్ బాస్, సినిమాలో పేలుళ్లు, వాటికి మాత్రం లోటు తెలుస్తుంది. మా పెద్దాడికి ఇదొక్కటే కంప్లైంటు. మరీ పదునైన, మెరిసే ట్రెబుల్ ఇష్టపడేవాళ్లకి కూడా ఇది కాస్త మెత్తగా అనిపించొచ్చు.

డబ్బులు ఎలా పంచాలని చాలామంది అడుగుతుంటారు. నా వరకు, ఉన్నదాంట్లో సగానికి పైగా స్పీకర్లకే పెట్టండి, తర్వాత వాటికి సరిపడా ఓమ్స్, వాట్లు చూసి యాంప్, కొంచెం స్టాండ్లకీ పరదాలకీ ఉంచుకోండి. యాంప్ ముందు కొనేసి మిగిలినదాంతో స్పీకర్లు వెతకడం నాకు తల్లకిందుల పద్ధతిలా కనిపిస్తుంది. నాకు స్పీకర్లు, యాంప్, స్టాండ్లు, వైర్లు అన్నీ కలిపి లక్ష లోపే అయ్యింది, బేరం ఆడాను, పాత టవర్ స్పీకర్లు అమ్మేసిన డబ్బు కూడా అందులోనే వేశాను. అంత పెట్టలేనివాళ్లు ఇదే వరసలో చిన్నది, 12.1 వినండి, పది బై పన్నెండు గదికి అదే నయం కూడా, చిన్న గదిలో పెద్ద వూఫర్ పెడితే బాస్ మూలల్లో గూడు కట్టుకుంటుంది.

సబ్‌వూఫర్ కొనాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. యాంప్ వెనకాల దానికి దారి ఉంది, పెద్దాడు అడుగుతూనే ఉన్నాడు. కానీ మా కింది ఫ్లాట్‌లో పెద్దవాళ్లిద్దరే ఉంటారు, సబ్ బాస్ గోడల్ని కాదు స్లాబునే పట్టుకుని కిందికి పోతుంది. ఒక తెలిసినాయన దగ్గర ఎనిమిది అంగుళాలది ఉంది, దసరా సెలవుల్లో రెండు రోజులు అరువు తెచ్చి పెట్టి, కింద వాళ్లింట్లో కూర్చుని నేనే విని చూస్తాను.